అన్నీ అటు పోతుంటే

అందుకని ఆ “ఏది?” తెలియక అడిగిన “ఏది?” కాదు, క్లాసులో పిల్లల్ని అడిగేలాంటిది, ఏడు రంగుల్లో ఎక్కువ వంగేది ఏది అని బోర్డు మీద సుద్దముక్క ఆనించి అడుగుతుందే, అలాంటిది, జవాబు దగ్గర పెట్టుకునే అడిగింది, పదిహేనేళ్ళుగా పాఠం చెబుతున్న నోటికి ఆ మాట అలవాటుగా వచ్చేస్తుంది గాని తన కళ్ళు అప్పటికే ఆ కింది మూలలో ఉన్నాయి, ఉన్నట్టే గుర్తు, ఉండే ఉంటాయి. ఇక్కడ హెలెన్ ఆలోచన చిన్నగా తడబడింది. “ఉన్నాయి” దగ్గర బయల్దేరి “ఉండే ఉంటాయి” దాకా ఒక్క ఊపిరిలో జారిపోవడం ఆమెకే వినబడింది.

కరెంటు పోయి పది నిమిషాలైంది. మోనిటర్ నల్లటి అద్దంలా ఉంది, అందులో తన ముఖం, ముఖం వెనక కిటికీ చువ్వలు, చువ్వల వెనక నవంబరు ఎండ. ఈ వారం రామచంద్రపురానికి కోత పదకొండు నుంచి పన్నెండు. ఆ సంగతి తెలుసు, తెలిసి కూడా పదిన్నరకి వచ్చి కూర్చుంది, ఆ గంట ఆమెకి క్లాసు లేదు, పైగా ఫోను లైను ఖాళీగా దొరికేది అప్పుడే. యూపీఎస్ దసరా నుంచి పనిచెయ్యడం లేదు. కంప్యూటర్ గది చూసుకునే బంగార్రాజు వైరు పీకుతూ, “మీ సూర్యుడికి కోతల్లేవండి మేడం, మనకేనండి. గంటలో వచ్చేద్దండి, ఈలోగా టీ తాగొత్తాను” అని స్కూటర్ తాళం వేలికి తిప్పుకుంటూ వెళ్ళిపోయాడు. సూర్యుడి బొమ్మలు నాలుగు డిస్కులో పడ్డాయి. అయిదోది సగం దాకా దిగింది, గీతలు గీతలుగా, పైనుంచి కిందికి, కావలసిన ఆ కింది మూల రాకముందే ఆగిపోయింది. నాలుగు బొమ్మల్లోనూ ఆ చుక్క ఉంది. ఆరు బొమ్మల్లో ఉంటే తప్ప రిపోర్టు పంపకూడదని ఆమె ఒట్టు పెట్టుకుంది. ఈ గంటలో ఇంగ్లాండులో ఎవరో ఒకాయన నిద్ర లేస్తాడు, కాఫీ కప్పుతో కూర్చుని అవే బొమ్మలు తెరుస్తాడు, ఆయన ఇంట్లో కరెంటు పోదు. ముందు ఎవరు పంపితే వాళ్ళదే పేరు. పదకొండు నెలల్లో ఏడుసార్లు పంపింది. ఏడుసార్లూ పేరు లేదు.

అయినా ఈ పదకొండు నెలలూ బాగున్నాయి. అది ఎవరికీ చెప్పలేని బాగు. భూమికీ సూర్యుడికీ మధ్య, మనకి పదిహేను లక్షల కిలోమీటర్ల అవతల, సోహో అనే అంతరిక్ష టెలిస్కోపు ఒకటి నిలబడి రాత్రీ పగలూ లేకుండా సూర్యుణ్ణే చూస్తుంటుంది. ఎండలో నడిచేటప్పుడు కళ్ళకి అరచెయ్యి అడ్డం పెట్టుకుంటామే, అలా సూర్యుడి ముఖానికి గుండ్రటి రేకు ఒకటి అడ్డం పెట్టుకుని, చుట్టూ ఉన్న వెలుగుని బొమ్మ తీస్తుంది, గంటకి రెండుమూడు. తీసినవి తీసినట్టు ఇంటర్నెట్‌లో పెట్టేస్తారు. రామచంద్రపురం ఆడపిల్లల జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే హెలెన్ చూసినా ఎవరూ వద్దనరు. నీలంగా ఉంటాయి ఆ బొమ్మలు, బట్టలకి పెట్టే నీలిమందు నీళ్ళల్లా. అందులో చుక్కలన్నీ ఎడమ నుంచి కుడికి ఒక్క వరసలో, చాలా నెమ్మదిగా, బళ్ళోకి వెళ్ళే పిల్లల్లా నడుస్తాయి. అవి నక్షత్రాలు. ఒక బొమ్మలో ఉండి తర్వాత దాంట్లో లేనివి పనికిరానివి, కెమెరాకి ఎక్కణ్ణుంచో తగిలిన కణాల దెబ్బలు. వరసలో నడవకుండా, అదృశ్యమూ కాకుండా, బొమ్మ బొమ్మకీ కొంచెం కొంచెం సూర్యుడి వైపుకి ఎక్కేది ఏదైనా ఉంటే, అది కామెట్. పెద్దవి కావు, ఇల్లంత, చెరువు గట్టంత మంచుముద్దలు, ఎప్పుడో విరిగిపోయిన ఒక పెద్ద కామెట్ ముక్కలు, ఒక్కొక్కటే వచ్చి సూర్యుడి దగ్గర కరిగిపోతాయి. వాటిని వెతికే పరిశోధకులకి చేతులు చాలక, చూడగలిగిన వాళ్ళెవరైనా చూడండి అన్నారు. చూస్తోంది.

“సూర్యుడి చుట్టూ తిరుగుతావేంటే హెలెన్, నీ చుట్టూ తిరిగేవాడు ఒక్కడూ లేకుండా చేసుకుని” అంటుంది తెలుగు చెప్పే సంపూర్ణమ్మ, స్టాఫ్ రూములో అందరి ముందూ, టిఫిను గిన్నె మూత తీస్తూ. హెలెన్ నవ్వుతుంది. అది నొప్పి దాచుకునే నవ్వు అని సంపూర్ణమ్మ నమ్మకం. అందుకే ఆ వెంటనే ఒక గారె ఎక్కువ పెడుతుంది. హెలెన్ ఆ గారె తింటుంది. కాలవ పక్క మేడ మీద రెండు గదులు, ఉదయం కిటికీ తీస్తే నీళ్ళ మీద పడవ లేకుండా పడవ నీడలాంటిదేదో, ఆదివారం చర్చి, మిగతా రోజులు పాఠం, మధ్యలో ఈ నీలం. లోపల ఏదో ఖాళీ ఉండాలని అందరూ అంటుంటే తను కూడా ఒకటి రెండుసార్లు చెయ్యి పెట్టి వెతుక్కుంది, నాలుక పంటి సందులో వెతుక్కున్నట్టు. ఏమీ తగల్లేదు. ఆ తగలకపోవడం కూడా దాచుకోవలసిన సంగతే. సుఖంగా ఉన్నానని చెప్పుకునే ఒంటరి ఆడదాన్ని ఎవరూ నమ్మరు.

మార్చిలో పంపిన మొదటిది నిజం కామెట్టే. అది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. చుక్క ఎక్కడుందో అడ్డంగా ఇన్ని, నిలువుగా ఇన్ని అని అంకెలు పంపాలి, ఆ పంపే ఫారంలో ఒక చిన్న ప్రశ్న ఉంటుంది, మీ సున్నా ఏ మూల అని. ఆమె దాన్ని చదవను కూడా లేదు. సున్నా ఏ మూలేంటి? గ్రాఫు కాగితం మీద సున్నా ఎప్పుడూ కింద ఎడమ మూలే, దేశంలో ప్రతి లెక్కల మేష్టారూ, ప్రతి ఫిజిక్స్ టీచరూ అక్కణ్ణుంచే మొదలెడతారు, ఆమె ఫూటురూలు పెట్టి తెర మీద కిందనుంచి పైకి కొలిచి పంపింది. ఆ ఫారం మాత్రం పైనుంచి కిందికి లెక్క పెట్టింది. మీరు చెప్పిన చోట ఏమీ లేదు అని రెండు రోజులకి జవాబొచ్చింది, చాలా మర్యాదగా. మూడు వారాల తర్వాత జాబితాలో అదే తేదీ, అదే గంట, ఎవరిదో వేరే పేరు. కాగితం తిరగేసి లెక్క చూస్తే సరిగ్గా అదే చుక్క. ఆ సాయంత్రం గదిలో ఒక్కతే పకపకా నవ్వింది, పక్కింటి పెద్దింట్లమ్మగారు ఎవరొచ్చారమ్మా అని కిటికీలోంచి అడిగేంత. మర్నాడు ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లలకి, ఎవరు ఏ గ్రాఫు ఇచ్చినా సున్నా ఎక్కడుందో ముందు అడగండమ్మా అని చెప్పింది. వాళ్ళు రాసుకున్నారు.

ఇప్పుడు కంప్యూటర్ గదిలో చప్పుడు లేదు. గడప దగ్గర చల్లటి బండ మీద నాలుగు బియ్యపు గింజలు రాలి ఉన్నాయి. అచ్చాయమ్మ ఇంతకు ముందు దాకా అక్కడే కూర్చుంది. అచ్చాయమ్మ ఆయా. గంట కొట్టడం, గదులు తుడవడం, హాస్టల్ పిల్లల వంటకి బియ్యం బాగుచెయ్యడం ఆమె పని. ద్రాక్షారామం నుంచి మొదటి బస్సుకి వస్తుంది. కంప్యూటర్ల కోసం వేసిన ఫ్యాను గాలి గడప దాకా వస్తుందని చేట అక్కడికి తెచ్చుకుంటుంది. కోటా బియ్యంలో రాళ్ళు బియ్యం రంగులోనే ఉంటాయి, విడిగా చూస్తే తెలీదు. చేట అటూ ఇటూ ఊపుతూ ఉంటే బియ్యమంతా ఒక వైపు జారుతుంది, రాయి మాత్రం తనది వేరే దారి అన్నట్టు ఒక్క క్షణం వెనకబడుతుంది, ఆ క్షణంలో ఆమె వేలు దాని మీద ఉంటుంది. అలా ఎలా కనబడతాయి నీకు అని ఒకసారి హెలెన్ అడిగితే, “కనబడవండి. చూత్తే కనబడవు. ఊరికే ఊపుతా కూకోవాలండి, అదే చెబుద్ది” అంది. అది విని హెలెన్ చాలాసేపు ఆలోచించింది. ఒక పుస్తకంలో ఎక్కడైనా ఉంటుందేమో ఆ మాట, చూడటం అనే పని మొత్తం మీద ఎవరైనా పరిశోధన చేసి ఉంటే.

కరెంటు పోయే ముందు హెలెన్ నాలుగు బొమ్మల్నీ ఒకదాని మీద ఒకటి తిప్పుతూ కూర్చుంది, ఒకటి రెండు మూడు నాలుగు, మళ్ళీ ఒకటి. చేతులు తిప్పుతున్నాయి. మనసు ఎక్కడుందో ఇప్పుడు వెతికితే దొరకడం లేదు. సంపూర్ణమ్మ గారెల దగ్గరా, లేకపోతే చర్చిలో క్రిస్మస్ పాటలకి కుర్రవాళ్ళు తెచ్చిన కొత్త కీబోర్డు దగ్గరా. వెనక చేట చప్పుడు ఆగింది.

“అదేంటండమ్మగారూ, అన్నీ అటు పోతుంటే అదొక్కటీ పైకెక్కుతందేంటండి?”

“ఏది?”

“అదిగోనండి, ఆ కింద. పిండి నలుసులాగుంది చూడండి. అది కాదండి, దాని పక్కది. ఆయ్, అదే.”

అంతే జరిగింది. అందులో ఏ మలుపూ లేదు. కాని ఇప్పుడు గంటసేపు చీకటి తెర ముందు కూర్చుంటే, ఆ రెండక్షరాల “ఏది”ని మనసు మళ్ళీ మళ్ళీ తీసి చూస్తోంది, నోట్లో పెట్టుకుని చప్పరించి మెత్తబరుస్తోంది. తను అప్పటికే చూసేసింది. చూసింది గాని గుర్తించలేదు. గుర్తించబోతోంది, అచ్చాయమ్మ అరక్షణం ముందు అంది. అరక్షణం. అయినా నలుసుని చూపించడం వేరు, అది ఏంటో తెలియడం వేరు. బొమ్మలు తెప్పించింది ఎవరు? వరసగా పేర్చి తిప్పింది ఎవరు? పదకొండు నెలలు కళ్ళు మంటలు పుట్టేలా కూర్చుంది ఎవరు? ఇవన్నీ నిజాలే. అన్నీ నిజాలే కావడం వల్లే వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చడం ఇంత సులువుగా ఉంది.

నాన్న ఇలాగే చేసేవాడు అనుకుంది, అనుకుని కొంచెం ఊరట పడింది. నాన్న, సాల్మన్, కాలవ లాకు దగ్గర లస్కరు, తలుపులు ఎత్తి దించే మనిషి. రోజుకి మూడుసార్లు రాతి మెట్ల పక్క నాటిన కొలబద్ద మీద నీటిమట్టం చూసి పుస్తకంలో రాయాలి. వానాకాలంలో జ్వరం వచ్చి మంచం మీద ఉన్నప్పుడు, పడుకునే చెవి ఒగ్గి, తలుపుల కింద నీళ్ళు పడే చప్పుడు విని, “నాలుగూ పావు, రాసెయ్యమ్మా” అనేవాడు. హెలెన్ రాసేది, పదేళ్ళ పిల్ల, గుండ్రటి చేతిరాత. తర్వాత గొడుగు వేసుకుని వెళ్ళి చూస్తే నాలుగూ పావే ఉండేది. తెలిసినవాడికి చూడక్కర్లేదు. అది ఎంత గొప్పగా ఉండేదో అప్పుడు, మా నాన్న వినే నీళ్ళు కొలుస్తాడు అని బళ్ళో చెప్పుకునేది. చూడకుండా రాసిన అంకె పక్కన మాత్రం ఆయన ఒక చిన్న చుక్క పెట్టించేవాడు. ఎందుకు నాన్నా అంటే, నాకు తెలియడానికి అనేవాడు. పై అధికారులు వచ్చి ఎన్నిసార్లు ఆ పుస్తకం చూశారో, చుక్కలేంటని ఒక్కరూ అడగలేదు, సిరా మరకలనుకున్నారు. ఆయన పోయాక ఆ పుస్తకాలు ఎటు పోయాయో.

సరే, పేరు సంగతి ఎలాగూ తేలిపోయింది కదా. తను అన్యాయమేమీ చెయ్యలేదు. అచ్చాయమ్మని అడిగింది. కరెంటు పోయిన వెంటనే, బంగార్రాజు ఇంకా గదిలో ఉండగానే, కుర్చీ వెనక్కి తిప్పి తనే అడిగింది.

“అచ్చాయమ్మా, నువ్వు చూపించింది ఏంటో తెలుసా? తోకచుక్క.”

ఆమె చేతిలో చేట గాల్లోనే నిలిచింది. “తోకచుక్కాండి?”

“ఊఁ. ముందు చూసినవాళ్ళ పేరు పంపాలి. తోకచుక్కకి నీ పేరు పెట్టెయ్యమంటావా?”

“అమ్మమ్మమ్మ! వద్దండి బాబూ. తోకచుక్కకి నా పేరేంటండి? పిల్లలూ మనవలూ ఉన్నదాన్ని. నేను చూళ్ళేదనుకోండి. మీరే చూశారండి. మీ పేరే రాసేసుకోండి, మీరు ప్రార్థన చేసుకుంటారు కదండి, మీకంటదు.”

“నీ పేరు పెడితే అది అట్నుంచటే పారిపోద్దిలే అత్తా” అన్నాడు బంగార్రాజు.

“నువ్వూరుకో బాబూ, నీ పేరు పెట్టించుకో, పెళ్ళవుద్ది” అని అచ్చాయమ్మ చేట చంకన పెట్టుకుని వంటగది వరండాలోకి వెళ్ళిపోయింది. గడప దగ్గర నాలుగు గింజలు రాలాయి. అప్పుడు హెలెన్‌కి ఒళ్ళంతా తేలికైపోయింది. అడిగింది, వద్దంది, అయిపోయింది. చన్నీళ్ళు పోసుకున్నట్టు ఉంది. ఆ చల్లదనంలోనే ఇంతసేపూ కూర్చుంది. ఆ చల్లదనంలో కూర్చుని మరి ఆ “ఏది”ని ఎందుకు పదే పదే కడుగుతున్నట్టు?

కిటికీ అవతల హాస్టల్ పిల్లలు ఎవరో జడలు విప్పి ఎండకి కూర్చున్నారు. ఎండ వాళ్ళ వీపుల మీద ఉంది. ఈ ఎండ అక్కణ్ణుంచి బయల్దేరి ఎనిమిది నిమిషాలైంది. ఆ చుక్క ఇప్పుడు, ఈ క్షణంలో కూడా ఎక్కుతూనే ఉంటుంది, కరెంటుతో దానికి పని లేదు. ఎనభయ్యారులో వాల్తేరులో ఎమ్మెస్సీ చదివే రోజుల్లో సముద్రపు ఒడ్డున నిలబడి హేలీ కామెట్‌ని చూసింది, చూసిందంటే అద్దం మీద ఊపిరి తగిలినట్టు ఒక మరక, అంతే, పక్కనున్న వెంకటదుర్గ అదేనా కాదా అని అడుగుతూనే ఉంది. ఆ నెలలోనే ఐరోపావాళ్ళు పంపిన జొట్టో అనే నౌక దాని పక్కనుంచి దూసుకుపోయి లోపలి ముద్దని ఫోటో తీసింది, పేపర్లో వేశారు, కుంపట్లో మాడిన చిలగడదుంపలా ఉంది. అది కత్తిరించి పుస్తకంలో దాచుకుంది. తర్వాత ఆ ఏడాదే ఆగస్టులో గోదావరి. లంకలు మునిగిపోయాయి.

లంకలు.

ఆలోచన అక్కడికి వచ్చి ఆగింది. ఆగడం ఇష్టం లేక పక్కకి పోబోయింది, ఎండలో జడల దగ్గరికి. కాని అప్పటికే గుర్తొచ్చేసింది. కిందటేడు వర్షాకాలం, వాన తగ్గక బస్సు రాక కాలేజీ వరండాలో ఇద్దరే నిలబడిపోయిన సాయంత్రం, అచ్చాయమ్మ చెప్పింది. కోటిపల్లి అవతల లంకలో ఉండేవాళ్ళు. ఆ ఏడు వేసవి ముందర తెల్లారుజామున తోకచుక్క కనబడిందని ఊళ్ళో అన్నారు, ఆమె మొగుడు ముసలయ్య చేలోకి పోతూ లేపి చూపించాడు, “చూడవే, ఎంత బాగుందో.” ఆమె చూసింది. ఆగస్టులో ఇల్లు పోయింది, రెండు గేదెలు పోయాయి, బడిలో పెట్టిన శిబిరంలో జ్వరం వచ్చి నెల తిరక్కుండా ముసలయ్య పోయాడు. “చూడకుండా ఉండాల్సిందండి. నేను లేవకపోతే సరిపోయేదండి” అంది, వానలోకి చూస్తూ. పదహారేళ్ళ తర్వాత కూడా. ఆ రోజు హెలెన్‌కి పాఠాలన్నీ నోటి దాకా వచ్చాయి, వరదకీ దానికీ సంబంధం లేదని, అది డెబ్భయ్యారేళ్ళకోసారి వచ్చే మంచుముద్ద అని. ఒక్కటీ అనలేదు. అచ్చాయమ్మ భుజం మీద చెయ్యి వేసి ఊరుకుంది. అందుకే గుర్తుంది.

అంటే తెలుసు. తోకచుక్క అనే మాట ఆమెకి ఏమవుతుందో తెలుసు.

ఈ గదిలో పదకొండు నెలలుగా దాని పేరు కామెట్. బంగార్రాజు, “ఇవాళేమన్నా పడ్డాయాండి కామెట్లు?” అంటాడు, గేలం వేసినవాణ్ణి చేపలడిగినట్టు. అచ్చాయమ్మ అయితే, “మీ కామెట్టు దొరికిందాండి పాపం?” అంటుంది, తప్పిపోయిన పిల్లిని గురించి అడిగినట్టు. ఆ కామెట్టూ ఆనాటి తోకచుక్కా ఒకటేనని ఆమెకి ఎవరూ చెప్పలేదు. పాఠంలో ఒకటి రెండుసార్లు తప్ప హెలెన్ నోట తోకచుక్క అనే మాట వచ్చిన గుర్తు లేదు. ఈ పూట వచ్చింది. అన్ని వందల రోజుల అలవాటు దాటి, అంత ఆనందంలో, సరిగ్గా ఆ మాటే. పైగా “తోకచుక్కకి నీ పేరు పెట్టెయ్యమంటావా” అని. అసలు వాటికి ఎవరి పేరూ పెట్టరు. అన్నిటికీ సోహో అనే పేరు, పక్కన ఒక అంకె. చూసినవాళ్ళ పేరు వేరే జాబితాలో ఒక వరసలో ఉంటుంది, హాజరుపట్టీలో ఉన్నట్టు. అది కూడా తెలుసు.

వద్దనిపించుకోవడానికే అడిగింది.

ఎంత తొందరగా! అదే ఆశ్చర్యంగా ఉంది. తను కూర్చుని పన్నింది కాదు, ఆలోచించనైనా లేదు. కరెంటు పోవడానికీ కుర్చీ తిప్పడానికీ మధ్య ఉన్న ఆ కాస్త సందులో, తనకి తెలియకుండా తన లోపల ఎవరో అన్నీ చూసుకుని, ఏ మాట వాడితే పని అవుతుందో ఏరుకుని, నవ్వు ముఖంతో అందించారు. నోరు అందుకుంది. తర్వాత గంటసేపు మిగతా ఆలోచనలన్నీ ఒక్క వరసలో, ఒక్క వైపుకే, ఎంతో మర్యాదగా నడిచాయి, నాన్నని కూడా తోడు తెచ్చుకుని. హెలెన్‌కి సిగ్గు వేసింది గాని, ఆ సిగ్గులో ఒక వింత సంతోషం కూడా కలిసింది. దొరికింది. వెతుకుతున్నది కాదు, అయినా దొరికింది. తన పక్కన తనే కూర్చుని చూసినట్టు ఉంది.

ఇప్పుడేం, ఏమీ లేదు, ఊరుకుంటే ఊరుకోవచ్చు. అచ్చాయమ్మ అడగదు, వద్దంది, పైగా సుఖంగా ఉంది. జాబితాలో మొదటిసారి హెలెన్ అనే పేరు పడుతుంది. సంపూర్ణమ్మ రెండు గారెలు పెడుతుంది. ప్రిన్సిపాల్ గారు పేపరు వాళ్ళని పిలుస్తారు, జిల్లా పేజీలో ఫోటో. నిజంగా కావాలి అది. కావాలి అని ఇంత స్పష్టంగా ఎప్పుడూ ఒప్పుకోలేదు, సంతోషం కోసం చూస్తున్నాను, పేరుదేముంది అని అనుకుంటూ వచ్చింది. పేరు కావాలి. అప్పుడు చేతికి తగలని ఖాళీ ఇదేనేమో, చిన్నదే, ఇంగ్లీషులో అయిదక్షరాలంత.

ఫ్యాను కదిలింది. ముందు ఒక రెక్క, తర్వాత అన్నీ. ఎక్కడో పిల్లలు హేయ్ అని అరిచారు. పన్నెండుకి ఇంకా మూడు నిమిషాలుంది.

కంప్యూటర్ లేచి, తన సంగతులన్నీ ఒకటొకటిగా గుర్తు తెచ్చుకుని, ఫోను లైను కూతలు కూసి, నీలం తెచ్చేసరికి చాలాసేపు పట్టింది. అయిదో బొమ్మ గీత గీతగా దిగింది. చివరికి ఆ మూల వచ్చింది. ఉంది. నక్షత్రాలు ఒక్క అడుగు కుడికి జరిగితే అది వాటిని దాటి పైకెక్కింది. ఆరోదాంట్లో ఇంకొంచెం, వెనక సన్నగా ఒక మసక కూడా మొదలైంది. ఇక అనుమానం లేదు. రిపోర్టుల పేజీ తెరిచింది. ఈ పూట ఇంకా ఎవరిదీ లేదు. ఇంగ్లాండాయన నిద్ర లేవలేదు. ఫారంలో సున్నా పై ఎడమ మూల అని పెట్టింది. ఆరు బొమ్మల గంటలూ, అంకెలూ రెండేసిసార్లు చూసుకుని నింపింది. చూసినవారి పేరు అనే గడిలో హెచ్ నొక్కిందో లేదో, ఏడుసార్ల అలవాటుతో కంప్యూటర్ మిగతా అక్షరాలు తనే తెచ్చి కింద చూపించింది. ఒక్క మీట నొక్కితే Helen అని గడిలో కూర్చుంది. ఎంత బాగుందో చూడటానికి. ఇక పంపడమే.

బంగార్రాజు స్కూటర్ ఆగిన చప్పుడైంది. వంటగది వరండాలోంచి నీళ్ళ చప్పుడు, అచ్చాయమ్మ బియ్యం కడుగుతోంది.

“అచ్చాయమ్మా, ఒక్కసారి ఇలా వస్తావా?”

తడి చేతులతోనే వచ్చి గడప అవతలే నిలబడింది. తెర వైపు చూడకుండా కళ్ళు నేల మీద పెట్టుకుంది.

“ఇందాక నీకు సరిగ్గా చెప్పలేదు” అంది హెలెన్. “కావాలనే సరిగ్గా చెప్పలేదు. అది కామెట్. రోజూ నువ్వు దొరికిందా అని అడుగుతావే, అదే. మంచుముద్ద. మన ఆకాశంలోకి రాదు, మన ఊళ్ళో ఎవరికీ కనబడదు. సూర్యుడి దగ్గరికి పోతోంది, రేపు ఈపాటికి ఉండదు, కరిగిపోతుంది. ముసలయ్య నీకు చూపించినది కూడా ఇలాంటిదే, పెద్దది. అది ఎవరినీ ఏమీ చెయ్యలేదు అచ్చాయమ్మా. దాని దారిన అది పోయింది. ఆ రోజే చెప్పాల్సింది.”

 అచ్చాయమ్మ వేళ్ళ చివర్ల నుంచి నీళ్ళు గడప మీద పడుతున్నాయి.

“బాగానే ఉందండి అది” అంది చివరికి. “తెల్లగా, పొడుగ్గా. ఆయన చెప్పినట్టే ఉంది.” తర్వాత, మెల్లగా తల ఎత్తి తెర వైపు చూసి, “ఇదీ కరిగిపోద్దాండి?”

“కరిగిపోతుంది. దానికి నీ పేరు పెట్టరు, ఎవరి పేరూ పెట్టరు. అందరికంటే ముందు ఎవరు చూశారో ఒక చోట రాసుకుంటారు, అంతే. ఆ రాసేది నిజం రాయాలి.”

“ముందు మీరే చూశారు కదండి? నేనేదో నోటికొచ్చినట్టు వాగాను గాని. మీరు ‘ఏది, ఏది’ అని పిల్లల్నడిగినట్టు అడిగారు కదండి.”

హెలెన్ నవ్వింది, ఇంతసేపూ తను కష్టపడి కట్టినదాన్ని ఆమె ఒక్క మాటలో తెచ్చి చేతిలో పెట్టినందుకు. వెనక తలుపు దగ్గర బంగార్రాజు టీ గ్లాసుతో నిలబడి ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు.

“నాకు కనబళ్ళేదు” అంది హెలెన్. “అందుకే అడిగాను. నీ ఇంటిపేరేంటి?”

“కడలి వారండి.”

బ్యాక్‌స్పేస్ మీద వేలు పెట్టి అయిదుసార్లు నొక్కింది. గడి ఖాళీ అయింది. కె నొక్కి చూసింది. ఆ అక్షరానికి కంప్యూటర్ దగ్గర ఏ పేరూ లేదు. మిగతా అక్షరాలు ఒక్కొక్కటే తనే కొట్టింది.